షెన్యాంగ్ గుమాస్తాగారి హోటలు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "అమెరికా అనుభవాలు" గురించి ఒక ఇరవై నిముషాలు మాట్లాడమన్నారు. మన సంఘంలో అమెరికా చూసిరాని ఇల్లు ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. నయాగరా జలపాతం గురించి, స్వేచ్ఛావిగ్రహం గురించి మన సంచికల్లోనే ఎన్నోసార్లు చదివాం. మళ్ళీ నేను చెబితే మీరు ఆవలించడం, నేను అది చూసి నొచ్చుకోవడం తప్ప ప్రయోజనం లేదు. అందుచేత వాటి జోలికి పోను. న్యూయార్కులో ఆరు బల్లలున్న ఒక చిన్న చైనావారి హోటలు గురించి చెబుతాను. దాన్ని నడిపే పెద్దమనిషి మనవాడు. తెలుగువాడని కాదు, గుమాస్తా అని.

మా అమ్మాయి, అల్లుడు న్యూయార్కు నగరంలో క్వీన్స్ అనే భాగంలో ఉంటారు. 2018లో నేనూ, మా ఆవిడా ఆరునెలలు వాళ్ళ దగ్గర ఉన్నాం. అక్కడ ఫ్లషింగ్ అని ఒక పేట. 1977లో ప్రతిష్ఠ జరిగిన వినాయకుడి గుడి అక్కడి బౌన్ వీధిలోనే ఉంది. ఆ దేశంలో మనవాళ్ళు కట్టుకున్న తొలి గుళ్ళలో అదొకటి. 2022లో ఆ వీధికి గణేశ్ టెంపుల్ స్ట్రీట్ అని రెండో పేరు కూడా పెట్టారు. గుడి కింద క్యాంటీనులో దోసె, పొంగలి దొరుకుతాయి. గుడినుంచి ఇరవై, ఇరవై అయిదు నిముషాలు నడిస్తే మెయిన్ స్ట్రీట్. 7వ నంబరు రైలు ఆఖరి స్టేషను అది. అక్కడ బోర్డులన్నీ చైనా అక్షరాలే. కూరగాయలు వీధిలోకి వచ్చి కూర్చుంటాయి, బేరాలు, అరుపులు, తోపులాట. మన పాతూరు బజారులో పండుగ ముందురోజు ఎలా ఉంటుందో అలా. అమెరికాలో నాకు ఊపిరి ఆడిన చోటు అదే.

ఒక శనివారం దర్శనం అయ్యాక మా మనవరాలు దోసె వద్దని మొండికేసింది. నూడుల్సే కావాలంది. మా అల్లుడు ఆ హోటలుకు తీసుకెళ్ళాడు. మేమిద్దరం శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. మా ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి, "మంచినీళ్ళు తాగి కూర్చుంటాం, మీరు తినిరండి" అంది.

లోపలినుంచి ఆ ఇంటి అమ్మాయి వచ్చింది. మా అల్లుడు చెప్పింది విని, "సు?" అని అడిగింది. వాళ్ళ భాషలో శాకాహారానికి ఆ మాట. తరువాత ఆమె అడిగిన ప్రశ్న నన్ను ఆశ్చర్యపరిచింది. "ఉల్లి, వెల్లుల్లి తింటారా?" అంది. వాళ్ళలో బౌద్ధనియమం పాటించేవారు మాంసంతోపాటు ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తారట. మన ఏకాదశి నియమాలు తెలిసిన మనిషిలా అడిగింది. వెల్లుల్లికి అభ్యంతరం లేదన్నాం. లోపల వాళ్ళమ్మతో ఏదో చెప్పింది. ఆవిడ కర్టెను పక్కకు తీసి మమ్మల్ని ఒకసారి తేరిపార చూసి, వెనక్కి వెళ్ళి, వేరే చిన్న గిన్నెలో కొత్తగా నీళ్ళు పోసి పొయ్యిమీద పెట్టింది. మాంసం ఉడికిన నీళ్ళలో మాది ఉడికించకూడదని ఎవరూ చెప్పకుండానే ఆవిడకు తోచింది. మా ఆవిడ అది చూశాక కుర్చీ లాక్కుని కూర్చుంది.

చైనా తిండి అనగానే మనకు మన ఊళ్ళో సాయంత్రంపూట బండిమీద వేయించే గోబీ మంచూరియా గుర్తుకొస్తుంది. ఈ హోటలువాళ్ళది నిజమైన మంచూరియా! చైనాకు ఈశాన్యంలో ఉన్న ప్రాంతాన్ని పూర్వం అలా పిలిచేవారు. ఇప్పుడు దోంగ్‌పే అంటారు, అంటే తూర్పు ఉత్తరం అని. వాళ్ళది ఆ ప్రాంతంలోని షెన్యాంగ్ నగరం. మా అల్లుడు గోబీ మంచూరియా సంగతి చెబితే ఆ అమ్మాయి పడిపడి నవ్వింది. అలాంటి వంటకం వాళ్ళ తాతలనాటినుంచి ఎవరూ ఎరుగరు. అది ముంబైలో 1970లలో పుట్టిన వంటకం. నెల్సన్ వాంగ్ అనే వంటవాడు 1975లో మొదట కోడిమాంసంతో చేశాడని చెబుతారు. పేరుకు మంచూరియా, ఊరు మహారాష్ట్ర.

ఇంకో సంగతి. చైనావాళ్ళంతా అన్నం తింటారనుకుంటాం. దక్షిణాన అన్నమే. మధ్యలో హ్వాయ్ అనే నది, చిన్‌లింగ్ అనే పర్వతాలు ఉన్నాయి. ఆ గీతకు పైన చలి ఎక్కువ, వాన తక్కువ. వరి పండించడం కష్టం. అందుచేత అక్కడ తరతరాలుగా గోధుమ, కొర్ర, జొన్న. కృష్ణా గోదావరి డెల్టావాళ్ళకూ, మన అనంతపురంవాళ్ళకూ ఉన్న తేడా అన్నమాట. ఈశాన్యంలో ఇప్పుడు వరి బాగా పండిస్తున్నారు, మంచి బియ్యమని పేరు కూడా వచ్చింది. మన దగ్గర కాలువ వచ్చినచోట జొన్న పోయి వరి వచ్చినట్టే.

మరి అమెరికాలో చాలాకాలం ఈ ఉత్తరాది వంట ఎందుకు కనబడలేదంటే, మొదట వెళ్ళిన చైనావారంతా దక్షిణాన కాంటన్ చుట్టుపక్కల పల్లెలవాళ్ళు. 1849 తరువాత బంగారం గనులకోసం, రైలుమార్గం పనులకోసం వెళ్ళారు. 1882లో చైనా కూలీలు రాకుండా అమెరికా ఒక చట్టం చేసింది. వ్యాపారులకు మాత్రం మినహాయింపు. హోటలు యజమాని కూడా వ్యాపారి కిందికే వస్తాడని 1915లో ఒక కోర్టుతీర్పు వచ్చిన తరువాత చైనా హోటళ్ళు ఊరూరా లేచాయి. మన సర్వీసులో జి.ఓ.లోని ఒక్క క్లాజు పట్టుకుని పదిమంది ప్రమోషన్లు తెచ్చుకోలేదా, అలాగే. ఆ చట్టం 1943లో పోయింది. 1965 చట్టంతో తలుపులు బాగా తెరుచుకున్నాయి. ఉత్తరాది వంటను అక్కడివారికి రుచి చూపించినవాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు చెప్పాలి. పెకింగులో పుట్టిన జాయిస్ చెన్ 1958లో బోస్టను పక్కనున్న కేంబ్రిడ్జిలో హోటలు పెట్టింది. 2014లో అమెరికా తపాలాశాఖ ఆమె బొమ్మతో స్టాంపు వేసింది. సిసిలియా చాంగ్ అనే ఆవిడ 1960ల తొలినాళ్ళలో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెట్టింది. నూరేళ్ళు బతికి 2020లో పోయింది. వీళ్ళిద్దరూ కలిగినింటి బిడ్డలు. నేను చెప్పబోయేవాళ్ళు కారు.

ముందు భోజనం సంగతి చెప్పనివ్వండి. అది చెప్పకపోతే ఇక్కడున్న ఆడవాళ్ళు నన్ను క్షమించరు.

అక్కడ ముఖ్యమైనది జ్యావ్‌జ అనే పదార్థం. కజ్జికాయను నూనెలో వేయించకుండా నీళ్ళలో ఉడికిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. గోధుమపిండి వట్టి నీళ్ళతో తడిపి, తడిగుడ్డ కప్పి నాననిస్తారు. చిన్న ఉండ చేసి, ఒక చేత్తో అప్పడాలకర్ర ఆడిస్తూ రెండో చేత్తో బిళ్ళను తిప్పుతూ ఉంటారు. అంచులు పల్చగా, నడుమ మందంగా వస్తుంది. నడుమ పల్చనైతే ఉడికేటప్పుడు పగిలిపోతుంది, అంచు మందమైతే మడతదగ్గర పిండి ఉడకదు. మామూలుగా లోపల పందిమాంసం, క్యాబేజీ పెడతారు. మాకు క్యాబేజీ, సోయాపాల గడ్డ, పుట్టగొడుగులు, సన్నని గాజులాంటి సేమ్యా పెట్టి చేశారు. నీళ్ళు మరిగాక వేసి, పొంగినప్పుడల్లా చెంబెడు చన్నీళ్ళు పోస్తారు. అలా మూడుసార్లు. అప్పుడు పైపొర చెడకుండా లోపలిది ఉడుకుతుంది. నల్లటి పుల్లనీళ్ళలో ముంచుకుని తింటారు. ఆ పుల్లనీళ్ళు జొన్నలతో చేసినవట. పక్కన పచ్చి వెల్లుల్లిపాయ. తిన్నాక, ఉడికించిన ఆ నీళ్ళే గిన్నెలో పోసి తాగమని ఇస్తారు. అది అరుగుదలకు మంచిదని వాళ్ళ నమ్మకం. మా ఆవిడ ఒక గుక్క తాగి, "ఇది గంజి కదండీ, ఉప్పే లేదు" అంది. చిటికెడు ఉప్పు అడిగి తీసుకుని వేసుకుంది. ఆ ఇంటావిడ వచ్చి చూసి తనూ వేసుకుని తాగి తల పంకించింది. ఆ రోజుతో వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది. ఇద్దరికీ కలిసిన భాష ఒక్కటీ లేదు.

బంగాళాదుంపను నూలుపోగుల్లా తరిగి, గంజి పోయేదాకా కడిగి, మిరపకాయా పుల్లనీళ్ళూ వేసి పెద్దమంటమీద రెండే నిముషాలు కలియబెడతారు. పంటికింద కరకరమంటుంది. మనవాళ్ళయితే ఉడకలేదని వెనక్కి పంపుతారు. వంకాయ, బంగాళాదుంప, పచ్చి బుంగమిరప కలిపి వేయించిన కూరకు, నేల ఇచ్చిన మూడు రుచులు అనే అర్థం వచ్చే పేరు. అది మాత్రం మన అన్నంలోకి కూడా బ్రహ్మాండంగా ఉంటుంది. ఉల్లికాడలు పెట్టి పొరలుపొరలుగా కాల్చిన రొట్టె, చితక్కొట్టిన దోసకాయలో వెల్లుల్లి వేసి కలిపిన పచ్చడి ఉండనే ఉన్నాయి. హోటలు వెనక పెద్ద ప్లాస్టిక్ డబ్బాల్లో క్యాబేజీని ఉప్పునీళ్ళలో ఊరేసి, పైన రాయి పెట్టి ఉంచారు. షెన్యాంగులో చలికాలం సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోతుంది. ఆ నాలుగైదు నెలలు పచ్చికూర ఎక్కడిది? అందుకని శీతాకాలం ముందే ఇంటింటా మట్టి తొట్లలో ఇలా ఊరేసుకునేవారు. మన ఆవకాయ జాడీకి, ఆ తొట్టికి గుడ్డ కట్టడంలో కూడా పెద్ద తేడా లేదు.

ఆఖరున ఒక గిన్నెలో పసుపుపచ్చని జావ తెచ్చిపెట్టింది. నోట్లో పెట్టుకోగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. కొర్రగంజి! సందేహం లేదు, అవే కొర్రలు. నేను గిన్నెలోంచి గింజ తీసి వేలిమీద పెట్టుకుని చూశాను. మా మనవరాలు ఫోనులో వెతికి చెప్పింది, కొర్రలను మొట్టమొదట సాగులోకి తెచ్చినది ఉత్తర చైనా రైతులేనట, వేల ఏళ్ళ కిందట. మనం కరువుతిండి అని నామోషీపడి వదిలేసి, ఇప్పుడు డాక్టరు చెబితే కిలో ఇంత అని కొనుక్కుంటున్న గింజ అది. ఆ దేశంలో పసిబిడ్డను కన్న తల్లికి మొదట పెట్టేది ఆ జావేనట.

ఇక అసలు మనిషి దగ్గరకు వస్తాను. పేరు చెప్పను, అది వాళ్ళ ఇంటి విషయం.

తరువాత మేము వారానికొకసారైనా వెళ్ళేవాళ్ళం. మధ్యాహ్నం మూడుగంటలకు బేరాలు పలచబడతాయి. అప్పుడు ఇంటిల్లిపాదీ వెనకబల్ల దగ్గర కూర్చుని రాత్రికి కావలసిన జ్యావ్‌జలు చుడతారు. ఆ పెద్దాయన మాత్రం ఒక మూల బల్లమీద గీతల నోటుబుక్కు పెట్టుకుని రాసుకునేవాడు. ఒకరోజు దాటిపోతూ అటు చూశాను. అక్షరాలు చైనావి, అంకెలు మనవే. నాలుగు గడులు. ఎడమ చివర ఉన్న అంకెకు రెండోది కలిపి, మూడోది తీసేస్తే నాలుగోది వస్తోంది. నాలుగోది మరుసటి వరుసలో మొదటిగడిలోకి వెళ్ళింది. ప్రారంభనిల్వ, రాబడి, ఖర్చు, ముగింపునిల్వ! కింద ఎర్రసిరాతో రెండు గీతలు. ముప్ఫైఆరేళ్ళు ఖజానా కార్యాలయంలో క్యాష్‌బుక్కులు, స్టాక్ రిజిస్టర్లు రాసి 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. నాకు ఆ పేజీ చదవడానికి చైనా భాష అవసరం లేకపోయింది. నేను జేబులోంచి నా డైరీ తీసి చూపించాను. రోజువారీ బస్సుచార్జీలు, మందులు, కాఫీలు, కింద రెండు గీతలు. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూసి, కూతుర్ని పిలిచి ఏదో అన్నాడు. ఆ అమ్మాయి నవ్వుతూ, "మీరు ఏ డిపార్టుమెంటు అని నాన్న అడుగుతున్నారు" అంది.

ఆ విధంగా ఆ అమ్మాయి తీరికగా ఉన్నప్పుడు ఆమె ద్వారా, లేనప్పుడు ఫోనులో మాటలు తర్జుమా చేసే యంత్రం ద్వారా మా సంభాషణ సాగింది. ఆ యంత్రం ఒక్కోసారి "తాత్కాలిక ముందుజీతం" అన్నదాన్ని ఏ భాషలోకి ఎలా మార్చేదో గాని ఆయన కంగారుపడేవాడు. అయినా పని జరిగింది.

ఆయన షెన్యాంగులో యంత్రాలు తయారుచేసే ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో స్టోర్సు లెక్కల గుమాస్తా. 1976లో చేరాడు. భార్య అదే ఫ్యాక్టరీ క్యాంటీనులో వంటమనిషి. రోజుకు కొన్నివందల మందికి చుట్టిన చెయ్యి ఆమెది. ఆ రోజుల్లో అక్కడ ఫ్యాక్టరీ అంటే జీతమొక్కటే కాదు. క్వార్టర్సు, ఆసుపత్రి, పిల్లల బడి, స్నానాలగది, చలికాలంలో ఇంటికి వెచ్చదనం, ఆఖరుకు పెన్షను, అన్నీ అదే. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు "ఇనప అన్నంగిన్నె". కిందపడినా పగలదని.

పగిలింది. 1997, 98 సంవత్సరాల్లో నష్టాల్లో ఉన్న ప్రభుత్వ సంస్థలను సంస్కరించాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. 1998 తరువాత అయిదారేళ్ళలో రెండున్నర కోట్లమందికి పైగా పనులు పోగొట్టుకున్నారు. ఈశాన్య ప్రాంతంలో దెబ్బ మరీ ఎక్కువ. చాలామందికి, చేసిన సర్వీసుకు ఏడాదికింత చొప్పున కట్టి, లంసంగా ఇచ్చి, సంతకం పెట్టించుకుని పంపేశారు. సర్వీసును కొనేయడం అని దానికి పేరు. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. సర్వీసు కొనేయడమేమిటండీ! అది బస్తా బియ్యమా?

మన శాఖవాళ్ళకు ఇంకో సంగతి చెప్పాలి. ఆ ఫ్యాక్టరీలో ఆ లంసం చెల్లింపుల పట్టీ తయారుచేసింది ఈయనే. మన భాషలో చెప్పాలంటే అక్విటెన్సు రోలు. వారంరోజులు కూర్చుని ఒక్కొక్కరి సర్వీసు లెక్కగట్టి, పేర్లు రాసి, మొత్తాలు వేసి, సంతకాలు పెట్టించాడు. ఆఖరు పేజీలో చివరినుంచి రెండోపేరు తనది. ఇరవైరెండేళ్ళ సర్వీసు. తన పేరు ఎదుట తనే మొత్తం వేసుకుని తనే సంతకం పెట్టాడు. "టాలీ అయిందా?" అని అడిగాను. గుమాస్తా బుద్ధి, మరో ప్రశ్న రాలేదు నాకు. "అయింది" అన్నాడు. అప్పుడాయన వయస్సు నలభైమూడు. కూతురికి ఎనిమిదేళ్ళు. వచ్చిన సొమ్ము రెండేళ్ళ ఇంటిఖర్చుకు సరిపోయింది.

ఇంజనీర్లూ, ఫిట్టర్లూ వీధుల్లో మూడుచక్రాల బండ్లు తొక్కారు. ఈయన భార్య రోడ్డుపక్కన పొయ్యి పెట్టింది. కొనేవాళ్ళ దగ్గర కూడా డబ్బు లేదు, వాళ్ళూ అదే పట్టీలోని మనుషులు. 2001లో ఆమె ఒక్కతే న్యూయార్కు చేరింది. ఇళ్ళల్లో పిల్లల్ని చూసింది, ఎవరిదో వంటగదిలో ముక్కకింత అని జ్యావ్‌జలు చుట్టింది. కాగితాలు సరిపడి తండ్రీకూతుళ్ళు వచ్చేసరికి అయిదేళ్ళు పట్టింది. విమానాశ్రయంలో పదహారేళ్ళ కూతుర్ని తల్లి గుర్తుపట్టిందిగాని, కూతురికి తల్లిని గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టిందట. ఆ అమ్మాయి ఈ మాట చెబుతున్నప్పుడు వాళ్ళమ్మ పక్కనే పిండి పిసుకుతోంది. ఇంగ్లీషు రాదు కనుక ఆమెకు తెలియదనుకున్నాం. కాని చేతులు ఆగాయి.

2009లో ఈ హోటలు పెట్టారు. కిటికీలో నగరపాలకవారి తనిఖీ కార్డు ఉంటుంది. 2010నుంచి ప్రతి హోటలుకూ ఎ, బి, సి అని అక్షరాలు ఇచ్చి, జనానికి కనబడేలా తగిలించాలని నియమం. తప్పులకు మార్కులు వేస్తారు, పదమూడు లోపు ఉంటే ఎ. వీరిది ఎ. ఫ్రిజ్జులో వేడి ఎంతుందో పూటపూటకూ రాసిన రిజిస్టరు ఆయన నాకు గర్వంగా చూపించాడు. ఆడిట్ పేరా రాయడానికి నాకొక్క సందు దొరకలేదు.

సోదరులారా, డిసెంబరు 17న మనం ఈ పండుగ ఎందుకు చేసుకుంటున్నామో కొత్తగా చేరినవారికోసం కార్యదర్శిగారు ఇప్పుడే చెప్పారు. 1982లో అదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చే బహుమానం కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. షెన్యాంగు ఆయనకు ఈ కేసు గురించి వివరంగా చెప్పాను. కూతురు తర్జుమా చేస్తుంటే మధ్యలో ఆపి రెండుసార్లు అడిగాడు, "ఒక పెన్షనరు ప్రభుత్వంమీద కేసు వేశాడా? గెలిచాడా?" అని. గెలిచాడన్నాను. నోటుబుక్కు వెనకపేజీలో సంవత్సరం రాసుకున్నాడు.

ఆయన నన్ను అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర సులభమైన జవాబు లేదు. "మీ పిల్లలకు కూడా ఇదే పెన్షను వస్తుందా?" అన్నాడు. మా రెండోవాడు 2008లో టీచరుగా చేరాడు. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారందరిలాగే సి.పి.ఎస్.లో చేరాల్సివచ్చింది. జీతంలోంచి కోత, దానికి ప్రభుత్వం వాటా, అది మార్కెట్టులో పెరుగుతుందో తరుగుతుందో. మన తరానికి దక్కింది వాళ్ళకు దక్కలేదని చెప్పాను. ఆయన తల ఊపి, "మీ ఇంట్లో ఇనపగిన్నె ఒకటి, పింగాణీగిన్నె ఒకటి" అన్నాడు. యంత్రం చేసిన తర్జుమా అది. ఆ ఒక్కసారి సరిగ్గా చేసిందనుకుంటాను.

ఆయన ఒక పని చేశాడు. దేశం వదిలినా, షెన్యాంగులో తమ్ముడిచేత తన పేరుమీద పెన్షను చందా ఏటేటా కట్టిస్తూ వచ్చాడు. అక్కడ పదిహేనేళ్ళు కట్టి ఉంటే పెన్షను వస్తుంది, మగవాళ్ళకు అప్పట్లో అరవైఏళ్ళకు. 2015లో ఆయనకు మంజూరైంది. చిన్న మొత్తమే. భార్యకు కట్టడానికి అప్పట్లో డబ్బు చాలక ఆపేశారు, కనుక ఆమెకు లేదు. ఈ మాట మాకు చెప్పింది ఆమె, ఆయన కాదు. ఇక్కడ కూర్చున్న నా స్నేహితుల్లో కొందరు కమ్యుటేషను పదిహేనేళ్ళకు గాని తిరిగి కలవదని రోజూ గొణుగుతుంటారు. గొణగండి, తప్పులేదు, నేనూ గొణుగుతాను. అయితే కుటుంబ పెన్షను కాగితాల్లో మీ ఇంటావిడ పేరు, పుట్టినతేది సరిగా ఉన్నాయో లేదో ఈ సాయంత్రమే చూసుకోండి. ఆడవాళ్ళు కూడా ఆ కాగితాలు ఎక్కడున్నాయో అడిగి తెలుసుకోండి.

ఆ 2018 వేసవంతా మధ్యాహ్నాలు మా ఆవిడ వాళ్ళ వెనకబల్ల దగ్గర కూర్చునేది. కజ్జికాయ అంచు మెలిపెట్టే చెయ్యి కదా, రెండోరోజుకే వాళ్ళ మడత వచ్చేసింది. తన మెలిక వాళ్ళకు నేర్పింది. మేము తిరుగుప్రయాణం అయ్యేముందు పిలిచి జ్యావ్‌జలు పెట్టారు. బయలుదేరేవాళ్ళకు జ్యావ్‌జ, వచ్చినవాళ్ళకు నూడుల్సు పెట్టడం వాళ్ళ ప్రాంతపు ఆనవాయితీ.

2020 ఫిబ్రవరినాటికే, న్యూయార్కులో ఇంకా కరోనా బయటపడకముందే, జనం చైనా పేటలకు రావడం మానేశారు. మార్చి మధ్యలో హోటళ్ళలో కూర్చుని తినడం నిషేధించారు. వంటవాడు వెళ్ళిపోయాడు. కూతురు అకౌంటెన్సీ చదివి ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తుండేది, అది మాని వచ్చి వంటగదిలో నిలబడింది. ఆ రెండేళ్ళలో చైనా ముఖం కనబడితే వీధిలో తిట్టడం, కొట్టడం జరిగింది, పత్రికల్లో మీరూ చదివి ఉంటారు. ఆ తల్లి చీకటిపడ్డాక నడవడం మానేసింది. ఇవన్నీ మా అమ్మాయి ఫోనులో చెబుతుంటే ఇక్కడ వింటూ వచ్చాం. 2021 మేనెలలో మా ఆవిడ వెళ్ళిపోయింది. ఆ నెలలో ఎవరెవరు పోయారో ఈ హాల్లో అందరికీ తెలుసు, దాన్ని నేను విస్తరించను.

2023లో మళ్ళీ వెళ్ళాను. హోటల్లో అడుగుపెట్టగానే ఆ ఇంటావిడ నన్ను చూసి రెండువేళ్ళు చూపించి, గుమ్మంవైపు చూసింది. నేను ఒకవేలు చూపించాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు నూడుల్సు గిన్నె తెచ్చింది, పక్కనే చిన్న పళ్ళెంలో ఉప్పు.

అప్పటికి ఆయన భుజం పాడైంది, పిండి లాగలేడు. కౌలు గడువు దగ్గరపడింది, అద్దె పెంచుతామంటున్నారు. మూసేసి శేషజీవితం ప్రశాంతంగా గడుపుదామని ఆయన. మూసేస్తే తను ఏం చేయాలని ఆమె. అల్లుడు ఊరిబయట పెద్దహోటలు పెడదామంటాడు. కూతురికి మళ్ళీ ఆఫీసు ఉద్యోగం ఇస్తామని కబురొచ్చింది. నలుగురూ నాలుగుమాటలు. నన్ను మధ్యవర్తిగా కూర్చోబెట్టి ఆయన అడిగాడు. ఇలాంటివాటిలో బయటివాడు తలదూర్చకూడదని నా అభిప్రాయం. లెక్క మాత్రం చూస్తానన్నాను. ఇద్దరం నోటుబుక్కు ముందేసుకుని మూడుమధ్యాహ్నాలు కూర్చున్నాం. కొత్త అద్దె, పిండి, కూరలు, కరెంటు, ఒక పనివాడి జీతం. ఆ తల్లికీ కూతురికీ జీతం అనే గడి ఆ పుస్తకంలో లేదు. ఆ గడి గీసి అంకె వేయమన్నాను. వేశాక హోటలు లాభంలో లేదని తేలింది. ఆయన చాలాసేపు ఆ పేజీ చూశాడు. పదునాలుగేళ్ళ పుస్తకాలన్నీ ఆ గడి లేకుండానే టాలీ అయ్యాయి మరి. ఆ పేజీని కూతురికి చూపించి, ఆమె భాషలో ఏదో అడిగాడు. నాకు తర్జుమా చేయలేదు, నేనూ అడగలేదు.

నవ్వు పుట్టించిన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. పెన్షను ఆగకుండా ఏటా బతికున్నట్టు రుజువు ఎలా ఇస్తారని అడిగాడు. మన జీవన్ ప్రమాణ్ సంగతి, ఫోనుకు ముఖం చూపి రెప్పలార్పడం చేసి చూపించాను. ఆయన లేచి తన ఫోను తెచ్చాడు. వాళ్ళకూ అదే! ఫోను ముందు నిలబడి తల అటూఇటూ తిప్పి రెప్పలార్పితే షెన్యాంగులో నమోదవుతుంది. హోటల్లో బేరానికొచ్చినవాళ్ళు చూస్తుండగా ఇద్దరు ముసలివాళ్ళం ఎదురెదురుగా నిలబడి రెప్పలార్పుకున్నాం. మా మనవరాలు దాన్ని వీడియో తీసింది. కావలసినవారికి భోజనాల దగ్గర చూపిస్తాను.

మొన్న మా అమ్మాయి ఫోనులో చెప్పింది. కౌలు రెండేళ్ళకు మాత్రం తీసుకున్నారట. మంగళ, బుధవారాలు సెలవు. నూడుల్సుకు యంత్రం కొన్నారు, జ్యావ్‌జలు మాత్రం చేత్తోనే. కూతురు వారానికి మూడురోజులు ఆఫీసుకు వెళుతోంది. తల్లికి నెలనెలా జీతం ఇస్తున్నారు, ఆమె సంతకం పెట్టి తీసుకుంటోందట.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సెలవు తీసుకుంటాను.